ఏడు ఖాళీ ఫైళ్లు

పొటోసీలో గురువారం సాయంత్రం
చలి ముందు వేళ్లకి తెలుస్తుంది, తర్వాతే మనిషికి.
సహకార సంఘం వెనక గదిలో నాలుగు కంప్యూటర్లు.
ఒకటి మొండిఘటం, నెత్తిన చరిస్తే గాని లేవదు.
ఏరికోరి దాని ముందే కూర్చుంటుంది
దోన్యా సెనోబియా.

పల్యిరి అంటారు ఇక్కడ అలాంటివాళ్లని.
గని కక్కేసిన రాళ్లగుట్ట మీద కూర్చుని
కొండ మరిచిపోయిన వెండిని
ముప్పయ్యేళ్లుగా ఏరుతున్న చేయి.
ఆ చేతికి మౌసునిచ్చాను.

"కుడివైపు నొక్కండి. 'కొత్తది' అని వస్తుంది. దాన్ని నొక్కండి."
నొక్కింది,
సుత్తితో రాయిని కొట్టినట్టు, ఆగకుండా.
తెర కాసేపు బిగుసుకుపోయింది.
ఆనక ఒక్కసారిగా ఈనింది:
కొత్త ఫైలు, కొత్త ఫైలు రెండు, కొత్త ఫైలు మూడు...
మొత్తం ఏడు.

టోపీ సర్దుకుంటూ
చక్కెర డబ్బాలో చెయ్యి పెట్టి దొరికిన పిల్లలా చూసింది.
"ఒక్కటి చాలు నాయనా. మిగతా ఆరూ
ఎక్కడ తెచ్చావో అక్కడ ఇచ్చెయ్."
వీటికి ఖర్చేమీ ఉండదండీ అన్నాను,
ఎన్నైనా పుడతాయి.
"ఈ కొండలో ఊరికే వచ్చేది
గాలొక్కటే అనుకున్నాం.
దానికీ ఊపిరితిత్తులు చెల్లించాడు మా ఆయన."

పక్క కుర్చీలో నవ్వబోయినావిడ
నవ్వు మింగేసింది.

పేరు పెట్టమన్నాను.
"పగలగొట్టకుండా రాయికి పేరేం పెడతాం?
లోపల తగరమో, ఉత్త మట్టో."
పేరు లేకపోతే ఇది ఒప్పుకోదు మరి.
"ఇప్పటికే 'కొత్త ఫైలు' అని తనే పెట్టుకుందిగా.
ఉండనీ. పెద్దయ్యాక మారుద్దాం."

పేరు పక్కన సున్నా మీద వేలు పెట్టింది.
"ఇదేంటి?"
బరువు లాంటిది. లోపల ఏమీ లేదు కదా, అందుకని.
ఆవిడ బుగ్గలో కోకా ఆకు అటునుంచి ఇటు మారింది.
చాలాసేపటికి అంది:
"ఖాళీని ఖాళీ అని చెప్పిన కాటా
నా జన్మలో ఇదే మొదటిది."

ఆ రోజుకి పాఠం అక్కడితో ఆపేశాను.
చెప్పడానికి నా దగ్గర ఇంకా చాలానే ఉంది గానీ.

తర్వాతి వారాల్లో
కోడి గింజ ఏరినట్టు ఒక్క వేలితో
ఒక్కో అక్షరం పొడిచింది.
ఖనిజం కొనేవాళ్లు ఆరుగురు. ఆరుగురికీ తలో ఫైలు.
తేది. బస్తాలు. ఇంటి దగ్గర తను తూచిన బరువు.
గోదాంలో వాడు తూచిన బరువు.
రెండింటి నడుమ తేడా మాత్రం రాయలేదు,
అక్కడ ఒక వరుస ఖాళీగా వదిలేది.
చదివేవాడికి కళ్లుండవా, అని.

ఆగస్టులో పదకొండు కాగితాలు అచ్చు తీశాం.
సిరా అయిపోవచ్చి చివరి మూడు బూడిదరంగులో వచ్చాయి.
శాలువాలో మడిచి పట్టుకెళ్లింది.

ఇలారియోన్ అనే ఆయన కాటా మార్చాడు.
ఇద్దరు, మిషను అబద్ధం చెబుతోందన్నారు.
ఒకడు ఆవిడ దగ్గర కొనడమే మానేశాడు.
మిగతావాళ్ల సంగతి నాకు చెప్పలేదు,
బూట్ల మట్టి మాత్రం గుమ్మంలో
గట్టిగా దులుపుకుంది.

ఏడో ఫైలు అలాగే ఉంది.
ప్రతి గురువారం ముందు దాన్నే తెరుస్తుంది.
ఆ తెల్లదనంలోకి,
పొయ్యి మీద గిన్నె మూత తీసి చూసినట్టు
వంగి చూస్తుంది.
ఏమీ రాయదు. భద్రపరుస్తుంది. మూస్తుంది.
ఎవరి కోసమండీ అని ఒకసారి అడిగాను.
"పాఠం మొదలెట్టు" అంది.

నిన్న కొత్త కంప్యూటరొచ్చింది.
మొండిఘటం లోంచి అన్నీ ఇటు మోస్తున్నాను.
నా భుజం వెనక నిలబడి
పెదాలతో లెక్కపెడుతోంది ఆవిడ.
"ఏడోది వచ్చిందా?"
వచ్చింది.
"బరువు?"
సున్నా.

"సరే," అంది, "ఇదీ సరిగ్గానే తూస్తోంది,"
కొత్త కుర్చీ ముందుకి లాక్కుంటూ.